మాకు మతం లేదు. పాపను సిస్టర్ల స్కూల్లో చేర్చాలా వద్దా?

పటమట_అమ్మ (విజయవాడ)

అందరికీ నమస్తే. మా పాపకు ఐదు నిండాయి, జూన్‌లో ఒకటో తరగతి. నేనూ మా ఆయనా దేవుణ్ణి నమ్మం. మాది దండల పెళ్లి. పాపకు పుట్టెంట్రుకలు తీయించలేదు, అక్షరాభ్యాసం చేయించలేదు. మా అమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది, అది వేరే కథ.

మాకు అందుబాటులో ఉన్నవి రెండు స్కూళ్లు. ఒకటి కార్పొరేట్ స్కూలు. నాలుగంతస్తుల బిల్డింగు, ఆటస్థలం ఏదంటే సెల్లార్‌లో పరిచిన పచ్చ కార్పెట్టు చూపించారు. ఒకటో తరగతికే 'ఫౌండేషన్' పేరుతో వారం వారం పరీక్ష. రెండోది కాథలిక్ సిస్టర్ల స్కూలు. పెద్ద గ్రౌండు, వేపచెట్లు. లైబ్రరీలో పిల్లలు నిజంగానే పుస్తకాలు తీసి చదువుతున్నారు. ఫీజు మొదటిదాంట్లో సగం కూడా లేదు. నాకైతే చూడగానే నచ్చేసింది.

కానీ గేటు దాటగానే మరియమ్మ విగ్రహం. పాప అక్కడే ఆగిపోయి "ఈ ఆంటీ పాముని ఎందుకు తొక్కుతోంది?" అంది. నాకూ తెలీదు, ఏం చెప్పను? ఆఫీసు రూములో గోడకి శిలువ. రోజూ అసెంబ్లీలో ప్రార్థన, వారానికి రెండు 'నీతి బోధ' పీరియడ్లు ఉంటాయట. అప్లికేషన్‌లో మతం, కులం అని రెండు గడులు.

గుడికి పంపం అని అందరితో గొడవలు పడి, ఇప్పుడు మిషన్ స్కూలుకి పంపితే మాటకీ చేతకీ పొంతన ఉంటుందా అని మా ఆయన. మంచి చదువు కావాలా, సిద్ధాంతం కావాలా అని నేను. మతం లేని ఇళ్ల పిల్లలు ఇలాంటి చోట ఎలా నెట్టుకొస్తారు? ఆ గడిలో ఏం రాస్తారు? చదివించినవాళ్లు, చదువుకున్నవాళ్లు చెప్పండి.

గుంటూరు_వెంకట్

కళ్లు మూసుకుని చేర్చేయండి మేడమ్. నేను ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) స్కూలు ప్రొడక్టునే. రోజూ పొద్దున "పరలోకమందుండెడు మా యొక్క తండ్రీ" అని గొంతు చించుకుని చదివేవాళ్లం. మా క్లాసులో క్రైస్తవులు పట్టుమని పదిమంది లేరు. ఒక్కడూ మతం మారలేదు. పబ్లిక్ పరీక్షల ముందు మాత్రం మరియమ్మకు కొవ్వొత్తులు, పక్క వీధిలో ఆంజనేయస్వామికి కొబ్బరికాయలు, రెండూ మేమే. ఎవరు పాస్ చేయించారో ఇప్పటికీ తెలీదు. ఆ స్కూల్లో నాకు ఒంటబట్టింది ఇంగ్లీషు గ్రామరు, టైముకి రావడం. ప్రార్థనలు పెద్దగా ఏమీ అంటలేదు.

చార్వాకుడు (హైదరాబాద్)

వెంకట్ గారూ, నా అభ్యంతరం సరిగ్గా మీరు చెప్పిన దగ్గరే ఉంది. మీరు మతం మారలేదు, నిజమే. కానీ పరీక్షకి కొవ్వొత్తి వెలిగించడం అలవాటైందిగా? నమ్మకం ఉన్న ఇంటి పిల్లవాడికి అక్కడ కనిపించేది ఇంకో దేవుడు. ఉన్న ముక్కోటి పక్కన ఇంకొకరు, పెద్ద తేడా లేదు. ఏ దేవుడూ లేని ఇంటి పిల్లకి మాత్రం ఆ మరియమ్మే మొదటి దేవుడు. "మేమంతా చదివాం, ఏమీ కాలేదు" అనే అనుభవం వీళ్లకు పనికిరాదు.

ఐదేళ్ల పిల్లకి టీచర్ మాటే వేదం. రెండు రెళ్లు నాలుగు అని చెప్పిన నోటితోనే "తప్పు చేస్తే దేవుడు చూస్తాడు" అంటే రెండూ నిజమే అనుకుంటుంది. నన్నడిగితే ప్రభుత్వ బడి, లేదా కేంద్రీయ విద్యాలయం.

సిరి_వాళ్లమ్మ (సికింద్రాబాద్)

మాదీ మీలాంటి ఇల్లే అండీ. మా అమ్మాయి ఇప్పుడు ఆరో తరగతి, ఎల్‌కేజీ నుంచీ సిస్టర్ల స్కూలే. జరిగింది జరిగినట్టు చెబుతాను.

యూకేజీలో అన్నం ముందు కళ్లు మూసుకుని శిలువ గుర్తు వేసుకోవడం మొదలెట్టింది. మా వారికి బీపీ పెరిగింది. వద్దంటే ఇంకా ఎక్కువ చేస్తుందని నేనే ఆపాను. వేసవి సెలవుల్లో దానంతటదే పోయింది. అవే సెలవుల్లో మా అత్తగారి ఊళ్లో తులసికోట చుట్టూ తిరగడం నేర్చుకొచ్చింది. స్కూలు తెరిచాక అదీ పోయింది.

నిజంగా ఇబ్బంది పెట్టింది నీతి బోధ పరీక్ష. రెండో తరగతిలో "మనల్ని సృష్టించినది ........" అని ఖాళీ పూరించమన్నారు. ఇది చక్కగా గుండ్రటి అక్షరాలతో "అమ్మ, నాన్న" అని రాసింది. టీచర్ ఎర్ర ఇంకుతో కొట్టేసి, పైన "దేవుడు" అని రాసి, సున్నా చుట్టారు. "నువ్వేగా అలా చెప్పావు" అని పిల్ల నన్ను నిలదీసింది. పేపరు పట్టుకుని హెడ్మిస్ట్రెస్ సిస్టర్ దగ్గరికెళ్లాను. ఆవిడ చదివి పకపకా నవ్వారు. "పాప తప్పు రాయలేదమ్మా, మా పాఠంలో ఉన్నది రాయలేదు" అని అర మార్కు వేసిచ్చారు.

ఇప్పుడు పరీక్షలో "దేవుడు" అని రాసి పూర్తి మార్కు తెచ్చుకుంటోంది, ఇంటికొచ్చి అదేం లేదంటుంది. మా వారు దీన్ని తెలివి అంటారు. నాకు మాత్రం మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది, మార్కు కోసం నమ్మనిది రాయడం ఇంత చిన్నప్పుడే వచ్చేసిందని. చదువు విషయంలో మాత్రం ఒక్క మాట అనలేను. ట్యూషన్ అన్న మాటే లేకుండా వచ్చింది ఇక్కడిదాకా.

చార్వాకుడు

అర మార్కు! అంటే సృష్టిలో అమ్మానాన్నల వాటా సగం అన్నమాట.

అడ్వకేట్_శాంతి (విజయవాడ)

చార్వాకుడు గారూ, కేంద్రీయ విద్యాలయంలో ప్రార్థన ఉండదనుకున్నారా? అక్కడ అసెంబ్లీలో "అసతో మా సద్గమయ" చదివిస్తారు. దాని మీద ఒక లాయరు సుప్రీంకోర్టుకు వెళ్తే, ఇద్దరు జడ్జీల బెంచి 2019 జనవరిలో ఆ కేసును పెద్ద ధర్మాసనానికి పంపింది.

పటమట అమ్మ గారూ, మీకు కావాల్సింది రాజ్యాంగంలో ఆర్టికల్ 28(3). ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం అందుకునే ఏ విద్యాసంస్థలోనైనా మతబోధకు గానీ ఆరాధనకు గానీ ఎవరినీ బలవంతంగా కూర్చోబెట్టకూడదు. పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. స్కూలు ఎయిడెడా, ప్రైవేటా అన్న లెక్క ఇక్కడ అక్కర్లేదు, గుర్తింపు ఉంటే చాలు. అయితే మైనారిటీలుగా ఆర్టికల్ 30 కింద తమ స్కూలును తమ పద్ధతిలో నడుపుకునే హక్కు ఆ సిస్టర్లకూ ఉంది. ప్రార్థన మానేయండి అని మీరు అడగలేరు. మా పాపతో చెప్పించకండి అని అడగొచ్చు.

పిల్లలు మౌనంగా నిలబడొచ్చా అంటే 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు ఉంది. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ పిల్లలు ముగ్గురు, తమ మతం ఒప్పుకోదని, జాతీయగీతం పాడకుండా, అందరితో పాటు గౌరవంగా లేచి నిలబడేవారు. స్కూలు తీసేసింది. సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. జాతీయగీతానికే మౌనంగా నిలబడే హక్కు ఉన్నప్పుడు స్కూలు ప్రార్థనకు లేకుండా పోతుందా?

విద్యాహక్కు చట్టం మాత్రం ఇక్కడ లెక్కలోకి రాదు. మైనారిటీ స్కూళ్లకు అది వర్తించదని 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో చెప్పింది. కాబట్టి ఆ చట్టం కింద పేద పిల్లలకిచ్చే 25 శాతం ఉచిత సీట్ల సంగతి అక్కడ అడగకండి.

ఫాతిమానగర్_టీచర్ (కాజీపేట)

నేను కాథలిక్‌ని, కాథలిక్ స్కూల్లోనే టీచర్‌ని. లోపలి సంగతులు చెబుతాను.

మామూలుగా ఒకే పీరియడ్‌లో కాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి (మా మత పాఠాలకు) వెళ్తారు, మిగతావాళ్లు నీతి బోధకు. రెండూ ఒకటి కావు. నీతి బోధ పుస్తకంలో నిజాయితీ, పెద్దల మీద గౌరవం లాంటివే ఎక్కువ. మధ్యలో దేవుడి ప్రస్తావన వస్తుంది, రాదని చెప్పను. దివ్యబలి పూజకు (చర్చిలో జరిగే మాస్‌కు) తీసుకెళ్లేది కాథలిక్ పిల్లల్నే. అందరూ కలిసేవి క్రిస్మస్, స్కూలు పండగ. క్రిస్మస్‌కి ముందు మాత్రం రిహార్సల్స్ పేరుతో చాలా పీరియడ్లు పోతాయి, చదువు గురించి పట్టింపు ఉంటే ఆ మాట అడగండి.

అందరికీ ఉండే భయం గురించి. ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప, తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి అంగీకారం లేకుండా పసిబిడ్డకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వడం మా శ్రీసభ (చర్చి) చట్టం ప్రకారమే కుదరదు. మా బిషప్పుల సంఘం సీబీసీఐ 2024 ఏప్రిల్‌లో కాథలిక్ స్కూళ్లన్నిటికీ మార్గదర్శకాలు పంపింది. ఇతర మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దొద్దని, రోజూ అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించమని అందులో ఉంది. మీరు చూసే స్కూల్లో పీఠిక చదివిస్తున్నారో లేదో ఒకసారి కనుక్కోండి. ఆ కాగితాన్ని ఎంత పట్టించుకున్నారో దాన్నిబట్టే తెలిసిపోతుంది.

అదే నెలలో మంచిర్యాల జిల్లాలో హనుమాన్ దీక్ష దుస్తుల గొడవ మీద ఒక కాథలిక్ స్కూలు మీద గుంపు పడి అద్దాలు పగలగొట్టింది. అప్పట్నుంచి మతం మాటెత్తాలంటేనే మా ప్రిన్సిపాళ్లకు టెన్షన్. మీరు వెళ్లి "మాకు మతం లేదు, ఎలా?" అని నెమ్మదిగా అడిగితే వాళ్లకే ఊపిరి ఆడుతుంది.

అన్నట్టు, ఆ పాము సైతాను. పాప మళ్లీ అడిగితే చెప్పండి.

నరసరావుపేట_లక్ష్మి

మతం గురించి ఇంత చర్చ చేస్తున్నారు, నాకు అక్కడ ఎదురైన గొడవలు వేరే అండీ. ఆషాఢంలో మా పిల్ల చేతులకు వాళ్ల నానమ్మ గోరింటాకు పెట్టింది. మర్నాడు క్లాసు బయట నిలబెట్టారు. పూలు పెట్టుకోకూడదు, గాజులు వేయకూడదు, రెండు జడలు వేసి మడిచి నల్ల రిబ్బను కట్టాలి. అడిగితే "యూనిఫాం క్రమశిక్షణ" అన్నారు. గోరింటాకు ఏమన్నా తుడిస్తే పోయేదా? అది పోయేవరకు పిల్ల చేతులు వెనక్కి దాచుకునే స్కూలుకి వెళ్లింది. మీకు నమ్మకాలు లేకపోవచ్చు, గోరింటాకు మాత్రం ఉంటుందిగా.

ఫాతిమానగర్_టీచర్

లక్ష్మి గారూ, దాన్ని నేను సమర్థించను. బైబిల్లో గోరింటాకు వద్దని ఎక్కడా లేదు. అది పాతకాలం హాస్టళ్ల నియమం, ఎవరూ మార్చకుండా అలా నడిచిపోతోంది. కార్పొరేట్ స్కూళ్లలోనూ ఉంది. డైరీ మొదటి పేజీల్లో నియమాలు అచ్చేస్తారు, చేరకముందే పాత డైరీ ఒకటి అడిగి చదవండి.

సీటు_వేటగాడు

అసలు సమస్య సీటు. మతం గడిలో క్రిస్టియన్ అని కొట్టేయండి. ఎవరైనా పాస్టర్ గారి దగ్గర ఒక లెటర్ తెచ్చుకుంటే మైనారిటీ కోటాలో ముందే వచ్చేస్తుంది. మా కజిన్ చెప్పాడు.

ఫాతిమానగర్_టీచర్

బ్రదర్, కాథలిక్ స్కూలుకి పాస్టర్ గారి లెటర్ తీసుకెళ్తే ఆఫీసులో క్లర్కు కూడా నవ్వుతాడు. మాకు ఉండేది ఫాదర్ గారు. విచారణ గురువుల (ఆ ప్రాంతపు చర్చి ఫాదర్ గారి) సంతకం, జ్ఞానస్నానం సర్టిఫికెట్ అడుగుతారు.

అడ్వకేట్_శాంతి

నవ్వు సంగతి అలా ఉంచండి, ఇది ప్రమాదకరమైన సలహా. స్కూలు రికార్డులో పడిన మతం రేపు టీసీలోకి వెళ్తుంది, కుల ధ్రువీకరణ అప్పుడు ఎమ్మార్వో ఆఫీసు చూసే కాగితాల్లో అదీ ఒకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ కిందికి వస్తారు. సీటు కోసం రాసిన ఒక్క మాట పిల్ల రిజర్వేషన్‌ని తినేస్తుంది. అబద్ధం రాసి సంతకం పెట్టడం అన్నది సరేసరి.

మతం గడిలో ఉన్నది ఉన్నట్టు రాయండి, "లేదు" అని. తెలంగాణ హైకోర్టు 2023లో పుట్టిన సర్టిఫికెట్ దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అని పెట్టుకునే వీలు ఉండాలని తీర్పు ఇచ్చింది. మీరు ఆంధ్రలో ఉన్నారు కాబట్టి అది మీ స్కూలును నేరుగా కట్టేయదు, చూపించి వాదించడానికి పనికొస్తుంది. కానీ రిజర్వేషన్ వర్తించే కుటుంబమైతే, గడులు ఖాళీ వదిలే ముందు బాగా ఆలోచించుకోండి. ఈ మాట ఆదర్శవాదులకు నచ్చదు, అయినా చెప్పాలి.

మాడరేటర్

మతమార్పిడి ముఠాలు, విదేశీ నిధులు అంటూ వచ్చిన పోస్టులు, వాటికి ఎదురు తిట్లు తీసేశాను. అడిగింది ఒక అమ్మ, తన పాప స్కూలు గురించి. దాని మీదే మాట్లాడండి.

డబ్లిన్_రవి

ఇక్కడ మాకు ఎంచుకోవడానికి కూడా లేదండీ. ఐర్లాండ్‌లో ప్రైమరీ స్కూళ్లు పదింట తొమ్మిది దాకా కాథలిక్ చర్చి చేతిలోవే, జీతాలు ఇచ్చేది మాత్రం ప్రభుత్వం. ఒకప్పుడు జ్ఞానస్నానం సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే ముందు సీటు. నమ్మకం లేని ఐరిష్ వాళ్లు కూడా సీటు కోసం పిల్లల్ని చర్చికి తీసుకెళ్లేవారట. 2018 చట్టంతో ఆ అడ్డు పోయింది.

చేరాక అసలు కష్టం రెండో తరగతిలో. ఏడెనిమిదేళ్లకు వాళ్లకు ఫస్ట్ కమ్యూనియన్, అంటే చర్చిలో మొదటిసారి ప్రసాదం తీసుకునే వేడుక. ఏడాదంతా క్లాసు టైములోనే దాని ప్రిపరేషన్, పాటలు. తెల్ల గౌన్లు, చుట్టాలిచ్చే డబ్బుల కవర్ల గురించే పిల్లల కబుర్లన్నీ. పక్కకు తప్పుకునే హక్కు రాజ్యాంగంలోనే ఉంది. తప్పుకున్న పిల్లవాణ్ణి చూసేవాళ్లు లేక, అదే గదిలో వెనక బెంచీలో రంగులు వేసుకోమంటారు. మావాడు రంగులు వేస్తూనే ఆ పాటలన్నీ నేర్చేసుకున్నాడు! వాడికి బాధనిపించింది పాటలకు కాదు, అందరికీ పార్టీ ఉండి తనకు లేకపోవడం. ఆ వారం మేమూ నలుగురు పిల్లల్ని పిలిచి బిర్యానీ పెట్టాం.

కాబట్టి పటమట అమ్మ గారూ, "మా పాపను ఆ పీరియడ్ నుంచి తప్పిస్తారా?" అని అడిగి ఊరుకోకండి. "తప్పిస్తే ఎక్కడ కూర్చోబెడతారు, ఎవరు చూస్తారు?" అనీ అడగండి.

కంకిపాడు_మాస్టారు

అమ్మా, నేను రిటైరైన హైస్కూలు హెడ్మాస్టర్ని, ప్రభుత్వ బడి. చార్వాకుడు గారు ప్రభుత్వ బడి అన్నారు, సంతోషం. కానీ మా ఆఫీసు రూములోనూ సరస్వతి పటం ఉండేది, పరీక్షల ముందు హాల్ టికెట్లు దాని ముందు పెట్టి దండం పెట్టేవారు. వినాయక చవితికి చందాలు, డిసెంబరులో కేకు. నేను వద్దన్నా ఆగలేదు. మతం వాసన బొత్తిగా లేని బడి నా సర్వీసులో నేను చూడలేదు.

మీరుండేది పటమట. గోరా గారు 1940లో ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రం 1947లో మీ పటమటకే వచ్చింది. నిప్పుల మీద నడవడంలో మహిమ ఏమీ లేదని జనానికి నడిచి చూపించినవాళ్లు. ఉప్పు సత్యాగ్రహం నాటి కొడుక్కి లవణం అని పేరు పెట్టిన ఇల్లు. ఆ పిల్లలు పెరిగింది కూడా చుట్టూ గుళ్లూ చర్చిలూ ఉన్న ఊళ్లోనే. వాళ్లకు కలిసొచ్చింది ఇంట్లో తమలాంటి వాళ్లు పదిమంది ఉండటం.

మీ పాపకూ అదే కావాలి. స్కూల్లో "నేను నమ్మను" అనే పిల్ల తనొక్కతే అయితే కష్టం. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లు పిల్లలకు పెట్టే చెకుముకి సైన్సు సంబరాలకు ఇప్పటినుంచే వెంట తీసుకెళ్లండి. తనలాంటి పిల్లలు ఇంకా ఉన్నారని కళ్లతో చూడాలి. అది లేకపోతే కార్పొరేట్ స్కూల్లో వేసినా ఒకటే, సిస్టర్ల స్కూల్లో వేసినా ఒకటే.

చార్వాకుడు

మాస్టారూ, నమస్కారం. చెకుముకి మాట ఒప్పుకుంటాను. కానీ అన్నిచోట్లా మతం ఉంది కాబట్టి ఎక్కడైనా ఒకటే అంటే ఒప్పుకోను. ఏడాదికోసారి వినాయకుడి చందా వేరు, రోజూ పొద్దున్నే చేతులు కట్టుకుని చెప్పే ప్రార్థన వేరు.

సిరి_వాళ్లమ్మ

వారం వారం పరీక్షలతో గుండెదడ తెప్పించే స్కూలు కన్నా ఆ ప్రార్థనే నయం అండీ, తల్లిగా నా లెక్క అది.

పటమట_అమ్మ

అందరికీ థాంక్స్. ఈరోజు ఇద్దరం వెళ్లి ప్రిన్సిపాల్ సిస్టర్‌ని కలిశాం. మా ఆయన ఏమాత్రం నాన్చకుండా "మేం నాస్తికులం" అనే మొదలుపెట్టారు. నాకు కాళ్లు వణికాయి. ఆవిడ "కాఫీ తాగుతారా?" అన్నారు.

అసెంబ్లీలో అందరితో పాటు నిలబడాలి, చదవకపోయినా ఏమీ అనరట. పీఠిక వారానికి ఒకసారి చదివిస్తున్నారు, రోజూ కాదు. నీతి బోధ నుంచి తప్పించడం మాత్రం కుదరదన్నారు, అది మార్కులున్న సబ్జెక్టు. రవి గారి ప్రశ్న అడిగితే ఆలోచించి, "నిజం చెప్పాలంటే విడిగా కూర్చోబెట్టడానికి నా దగ్గర టీచర్ లేదు" అన్నారు. ఆ జవాబు మా ఆయనకు నచ్చింది. ఎందుకంటే కార్పొరేట్ స్కూల్లో ఏది అడిగినా "తప్పకుండా మేడమ్" అనే అన్నారు. గోరింటాకు అడిగాను లక్ష్మి గారూ, "పండగలకు చూసీచూడనట్టు ఉంటాం" అన్నారు. మతం గడిలో గీత కొట్టి పక్కన సంతకం పెట్టమన్నారు.

అప్లికేషన్ ఇచ్చాం. సీటు వస్తుందో రాదో, కాథలిక్ పిల్లలు, తోబుట్టువులు అయ్యాకే మిగతావాళ్లట. మా ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, నీతి బోధ పుస్తకం మొత్తం చదివాకే అంటున్నారు. అది తెచ్చుకున్నాం, ఇప్పుడు పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు.

చార్వాకుడు

ఆయన గీతలు గీసిన పేజీలు ఫోటో తీసి పెట్టండి.

పటమట_అమ్మ

శాంతి గారూ, నోటితో చెప్పింది చాలా, లెటర్ కూడా ఇవ్వాలా? వచ్చే ఏడాది సిస్టర్ బదిలీ అయిపోతే?

అడ్వకేట్_శాంతి

తప్పకుండా ఇవ్వండి, వాళ్లకు బదిలీలు మామూలే. పెద్ద భాష వద్దు. "మా పాప ప్రార్థన సమయంలో అందరితో పాటు మౌనంగా నిలబడుతుంది. మతబోధకు, ఆరాధనకు మా సమ్మతి లేదు. రాజ్యాంగం 28(3) ప్రకారం తెలియజేస్తున్నాం." అంతే. సీటు వచ్చి ఫీజు కట్టాక ఇవ్వండి, ముందు కాదు. ఇద్దరూ సంతకం పెట్టి, ఆఫీసు స్టాంపు వేయించుకున్న కాపీ ఒకటి దగ్గర ఉంచుకోండి.